నర్సమ్మ మాట కూడా వైద్యమే

గత జూన్ మాసంలో బిడ్డను మా బడిలో చేర్చడానికి వచ్చిన ఒక రైతు, అర్జీ మీద సంతకం చేసిన తరువాత కూడా లేవక బెంచీ మీదనే కూర్చున్నాడు. ఏమప్పా అని అడిగితే, భార్యకు మనసు చెదిరి రెండు వారాలు బెంగుళూరు ఆసుపత్రిలో ఉంచి తీసికొని వచ్చిన సంగతి మెల్లగా చెప్పినాడు. చివరకు తన సందేహం బయట పెట్టినాడు.

"డాక్టరు పది నిమిషాలు చూసి పోతాండె సారూ. నర్సమ్మ మాత్రం దినామూ పక్కన కూర్చొని మాట్లాడిస్తాండె. నిద్ర పట్టిందా, మనసులో ఏముంది, దేనికి భయం అని ఒకటే అడగడం. మాత్ర ఇచ్చి పోక ఆ మాటలన్నీ ఎందుకు?"

ఇదే ప్రశ్న పన్నెండేండ్ల క్రిందట నాకు కూడా కలిగినది. దానికి సమాధానం, ఒక నర్సమ్మ నా తప్పును పట్టుకొన్నప్పుడు తెలిసినది. ఆ సంగతి కొంత తరువాత చెబుతాను. ముందుగా ఆ మాటల వెనుక ఉన్న విద్య ఏమిటో చూడవలసి ఉన్నది. మన సరిహద్దు పల్లెల నుండి బళ్ళారికో, ధారవాడకో, బెంగుళూరుకో, వేలూరుకో, విశాఖకో రోగిని తీసికొనిపోయే కుటుంబాలు అక్కడ ఉండేది కొద్ది దినాలు మాత్రమే. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత, సంవత్సరం పొడుగునా ఆ నర్సు చేసే పనిని ఇంటివారే చేయవలసి వస్తుంది.

కాలు విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. చక్కెర జబ్బును రక్త పరీక్ష చెబుతుంది. మనసు కుంగినదా, లేని మాటలు చెవిలో వినబడుతున్నవా, ఎవరో తనకు విషం పెడుతున్నారని నమ్ముతున్నాడా అన్నది ఏ యంత్రమూ చెప్పదు. డాక్టర్లు తల స్కానింగు, రక్త పరీక్ష చేయించేది చాలా వరకు ఇతర జబ్బులు లేవని నిర్ధారించుకొనడానికి. అసలు పరీక్ష మాటలతోనే జరుగుతుంది. రోగి ఏమంటున్నాడు, ఎట్లా అంటున్నాడు, ఏమి అనకుండా ఆగిపోతున్నాడు అన్నవే నాడి చూడడం వంటివి. డాక్టరుకు రోగి కనబడేది కొద్దిసేపు. ఇరవై నాలుగు గంటలూ వార్డులో ఉండేది నర్సులు. రాత్రి రెండు గంటలకు లేచి గోడ వైపు చూస్తూ కూర్చున్న మనిషిని చూసేది వారే.

ఈ మాటలకు ఒక శాస్త్రం కల్పించిన వ్యక్తి అమెరికా దేశపు నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్. ఆమె 1909లో జన్మించి 1999లో మరణించినారు. రోగికీ నర్సుకూ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సకు పనిముట్టు అని వాదిస్తూ ఆమె వ్రాసిన గ్రంథం 1952లో వెలువడినది. అంతకు కొన్ని సంవత్సరాల ముందే వ్రాత పూర్తయినా, ఒక డాక్టరు పేరు జత లేకుండా నర్సు తానుగా సిద్ధాంత గ్రంథం ప్రకటించడమా అన్న సంకోచం వలన అచ్చు ఆలస్యమైనదని చెబుతారు. అంతవరకు మానసిక వైద్యశాలలలో నర్సు పని చాలా వరకు కాపలా, అన్నం పెట్టడం, బట్టలు మార్చడం. పెప్లావ్ చెప్పినదేమంటే, రోగి మొదట నర్సును పరాయి మనిషిగా చూస్తాడు, క్రమంగా నమ్ముతాడు, ఆ నమ్మకం ఆధారంగా తన కష్టాన్ని తానే గుర్తించి దానితో వ్యవహరించడం నేర్చుకొంటాడు, చివరకు నర్సు అవసరం లేకుండా విడిపోతాడు. ఈ విడిపోవడం కూడా ముందుగా చెప్పి చేయవలసిన పని. "శుక్రవారం నుండి నా డ్యూటీ వేరే వార్డుకు మారుతున్నది" అని రెండు దినాల ముందే రోగికి చెప్పే నర్సును చూస్తే మనకు అనవసరమైన మర్యాదగా కనబడవచ్చును. కాని అప్పుడప్పుడే ఒక మనిషిని నమ్మడం మొదలుపెట్టిన రోగికి, ఆ మనిషి చెప్పకుండా మాయమైతే జరిగే నష్టం చిన్నది కాదు.

నేడు మన దేశంలో జనరల్ నర్సింగు చదివినా, బి.యస్సీ నర్సింగు చదివినా మానసిక శుశ్రూష తప్పనిసరి పాఠం. అందులో నన్ను ఆకర్షించిన అభ్యాసం ఒకటి ఉన్నది. విద్యార్థిని రోగితో మాట్లాడి వచ్చిన తరువాత, జరిగిన సంభాషణను మాట పొల్లు పోకుండా వ్రాయవలెను. ఒక వరుసలో రోగి అన్నది, పక్క వరుసలో తాను అన్నది, ఇంకొక వరుసలో ఆ క్షణాన తనకు కలిగిన భావం. దానిని ఉపాధ్యాయిని దిద్దుతుంది. ఇక్కడ నీవు తొందరపడినావు, ఇక్కడ అతడు ఏడుపు ఆపుకొంటుంటే నీవు మాట మార్చినావు, అది అతని కోసమా, నీ భయం కోసమా అని అడుగుతుంది. టి.సి.హెచ్. చదివే రోజులలో మేము పాఠ ప్రణాళికలు వ్రాసి దిద్దించుకొన్నాము గాని, బిడ్డ ఏడ్చినప్పుడు మాకు ఏమనిపించినదో ఎవరూ వ్రాయించలేదు. వ్రాయించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకొంటాను.

ఇక ఆ మాటల పద్ధతికి వస్తాను. మొదటిది కూర్చోవడం. నిలబడి, చేతిలో కాగితం పట్టుకొని, తలుపు వైపు చూస్తూ అడిగే ప్రశ్నకు ఎవరూ మనసు విప్పరు. నర్సు రోగితో సమానమైన ఎత్తులో, ముఖాముఖిగా కాకుండా కొంచెం పక్కగా, చేయి చాచినంత దూరం విడిచి కూర్చుంటుంది. తలుపుకు అడ్డంగా కూర్చోదు. దారి మూసివేసినట్లు తోస్తే భయపడిన మనిషి మరింత భయపడతాడు. "నేను పది నిమిషాలు ఇక్కడ ఉంటాను. మీకు మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడనవసరం లేదు" అంటుంది. పది నిమిషాలు అంటే పది నిమిషాలే ఉంటుంది. మరునాడు మళ్ళీ అదే వేళకు వస్తుంది. లోకమంతా తారుమారైనట్లు ఉన్న మనిషికి, చెప్పిన వేళకు వచ్చే మనిషి ఒకరు ఉండడమే పెద్ద ఆధారం.

మౌనం కూడా ఒక విద్యే. మన ఇండ్లలో రోగి మాట్లాడకపోతే నలుగురం చేరి "చెప్పు, చెప్పు" అంటాము. లేదా అతని బదులు మనమే చెబుతాము. నర్సు ప్రశ్న వేసి ఊరుకొంటుంది. కుంగుబాటులో ఉన్న మనిషికి ఆలోచన మెల్లగా నడుస్తుంది. జవాబు రావడానికి అర నిమిషమో, నిమిషమో పట్టవచ్చును. మనం ఆ లోపలే రెండవ ప్రశ్న వేస్తే మొదటి జవాబు లోపలనే ఉండిపోతుంది.

ప్రశ్న వేయడంలో కూడా తేడా ఉన్నది. "తిన్నావా?" అంటే "ఊఁ" అని తప్పించుకోవచ్చును. "పొద్దుటి నుండి ఏమేమి తిన్నావు?" అంటే ఏదో ఒకటి చెప్పవలెను. "ఎందుకట్లా చేసినావు?" అన్నది మాత్రం నర్సులు చాలా వరకు వాడని ప్రశ్న. ఎందుకు అని అడిగితే మనిషికి పోలీసు స్టేషనులో నిలబడినట్లు ఉంటుంది. దానికి జవాబు అతనికే తెలియదు కూడా. దాని బదులు "అప్పుడు ఏమి జరిగినది?" అంటారు.

అన్నింటికంటే కష్టమైనది, లేని మాటలు వినబడుతున్న రోగితో మాట్లాడడం. "గోడ అవతల నన్ను తిడతాండారు" అని రోగి అంటాడు. మనకు తెలిసినవి రెండే మార్గాలు. ఒకటి, "అదంతా నీ భ్రమ, అక్కడ ఎవరూ లేరు, పిచ్చి మాటలు మాట్లాడవద్దు" అని గద్దించడం. రెండవది, "అవును, ఉన్నారు, నేను పోయి తరిమివేసి వస్తాను" అని కర్ర తీసికొని గోడ అవతలకు పోయి రావడం. మొదటి దానితో అతడు ఒంటరివాడవుతాడు. తన చెవికి స్పష్టంగా వినబడుతున్న దానిని కాదన్న మనిషిని ఎట్లా నమ్ముతాడు? రెండవ దానితో అతని భ్రమకు సాక్షి దొరుకుతుంది. నర్సు మూడవ మార్గం పట్టుకొంటుంది. "నాకు ఏమీ వినబడడం లేదు. కాని మీకు వినబడుతున్నదని మీ ముఖం చూస్తే తెలుస్తున్నది. భయంగా ఉన్నదా?" అంటుంది. వాదన లేదు, అబద్ధమూ లేదు. మాట విషయం నుండి భయం వైపుకు తిరిగినది. భయం మాత్రం నిజమైనది. దాని గురించి ఇద్దరూ మాట్లాడవచ్చును. తరువాత "ఆ మాటలు మిమ్మల్ని ఏదైనా చేయమని చెబుతున్నవా?" అని అడుగుతుంది. ఇది కుతూహలం కొద్దీ అడిగినది కాదు. చావమనో, ఇతరులను కొట్టమనో ఆజ్ఞాపించే మాటలు వినబడుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పవలసిన అపాయం అది.

"ఏమీ కాదులే, అంతా బాగైపోతుంది" అన్న మన ఓదార్పు కూడా ఆ వార్డులో తప్పుల పట్టీలోనే ఉన్నది. నాకు మొదట ఆశ్చర్యం వేసినది. ఆలోచిస్తే నిజమే. ఏమి జరిగినదో వినకుండానే ఏమీ కాదు అనడం, ఇక చెప్పనవసరం లేదు అని నోరు మూయించడమే. "చాలా బరువుగా ఉన్నట్లున్నది" అన్నప్పుడు మాత్రం రోగి తల ఎత్తి చూస్తాడు. అట్లాగే రహస్యం విషయంలో నర్సు ఒట్టు వేయదు. "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతాను" అని రోగి అంటే, "ప్రాణానికి అపాయం ఉన్న సంగతి అయితే డాక్టరుకు చెప్పక తప్పదు, మిగిలినవి బయటకు పోవు" అని ముందే చెబుతుంది.

ఇప్పుడు నా తప్పు సంగతి.

మా అమ్మ పుట్టినిల్లు ఆలూరు తాలూకాలో ఒక పల్లె. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి, బళ్ళారి మైసూరులో చేరినది కదా. మా బంధుత్వాలు అప్పటి నుండి గీతకు రెండు వైపులా ఉన్నవి. మా చిన్న మేనమామ అక్కడే సేద్యం చేసేవాడు. రెండేండ్లు వరుసగా పంట పోయి, వేసిన బోరు ఎండి, మనిషి మాట తగ్గి, తిండి తగ్గి, చివరకు నిద్ర కూడా పోయినది. రాత్రులలో ఎవరో తనను గురించి మాట్లాడుకొంటున్నారని లేచి కూర్చునేవాడు. దిగదుడుపులు, తాయెత్తులు అన్నీ అయినవి. నేను బలవంతం చేసి కర్ణాటకలోని ఒక ఆసుపత్రిలో చేర్పించినాను. రెండు భాషలూ వచ్చిన వాడిని నేనే గనుక పక్కన ఉండే పనీ నాదే అయినది. మామకు కన్నడం రాదు. ఆ వార్డు నర్సమ్మ మలయాళీ, పదేండ్లుగా కర్ణాటకలో ఉండి కన్నడం చక్కగా మాట్లాడేది, తెలుగు తెలియదు.

మూడవ దినం ఆమె వచ్చి కూర్చొని, మనసులో ఏమున్నదో అడగమన్నది. నేను అడిగినాను. మామ చాలాసేపు పలుకలేదు. తరువాత నా వైపు చూడకుండా, "నేను పోతాను" అన్నాడు.

ఆ మాటకు మన భాషలో ఎన్ని అర్థాలున్నవో తెలుగు వారికి చెప్పనవసరం లేదు. మామ ఏ అర్థంలో అన్నాడో ఆ గొంతు విన్న నాకు ఆ క్షణానే తెలిసినది. అయినా నేను నర్సమ్మతో "నాను మనెగె హోగ్తీని అంతారె" అన్నాను, అంటే ఇంటికి పోతాను అంటున్నారని. ఎందుకట్లా చెప్పినాను? పరాయి మనిషి ఎదుట ఇంటి పరువు అనుకొన్నానా, వ్రాసుకొంటే పోలీసుల దాకా పోతుందని భయపడినానా, లేక ఆ మాటను నా నోటితో పలకడానికే ధైర్యం చాలలేదా? మూడూ ఉన్నవి.

ఆమె కాగితం మీద ఏమీ వ్రాయలేదు. "ఆయన రెండే మాటలు అన్నారు సార్. మీరు మూడు చెప్పినారు" అన్నది. భాష రాకపోయినా ఆమె మాటలు లెక్కపెట్టినది. మామ ముఖం చూసినది. నా ముఖం కూడా చూసినది. తరువాత, "ఆయన అన్నది అన్నట్లుగా చెప్పండి. అర్థం నేను ఆయననే అడుగుతాను" అన్నది. చెప్పినాను. అప్పుడు ఆమె నేరుగా, "చనిపోవాలని అనిపిస్తున్నదా అని అడగండి" అన్నది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందేమో అన్నాను. "లేదు. అడిగితే బరువు దిగుతుంది. అడగండి" అన్నది.

అడిగినాను. మామ మొదటిసారి నా వైపు తిరిగి చూసి, "అవునప్పా. మందు కూడా తెచ్చి పెట్టినా. గడ్డివాములో ఉంది" అన్నాడు. పురుగుల మందు. ఆ సాయంత్రమే ఊరికి ఫోను చేసి అత్తతో ఆ డబ్బా తీయించినాము. నేను చేర్చిన "ఇంటికి" అన్న ఒక్క మాటను నమ్మి ఆసుపత్రి వారు ఆయనను నాలుగు దినాలలో ఇంటికి పంపి ఉంటే ఏమి జరిగేదో ఆలోచించడానికి ఇప్పటికీ నాకు ఇష్టం లేదు.

చావు గురించి నేరుగా అడగడం వలన ఆ ఆలోచన పుట్టదని మానసిక వైద్యులందరూ నేడు ఏకగ్రీవంగా చెబుతారు. ఎవరో ఒకరు తన లోపలి మాటను పైకి పలికినందుకు చాలామందికి ఊరట కలుగుతుంది. మన పల్లెలలో ఈ ఒక్క సంగతి తెలిసినా చాలు. అడిగిన తరువాత చేయవలసినవి కూడా సులభమైనవే: మనిషిని ఒంటరిగా విడువకుండా ఉండడం, పురుగుల మందులు తాళం వేసి దూరంగా ఉంచడం, మాత్రలన్నీ ఒకేసారి అతని చేతికి ఇవ్వకపోవడం, ఆలస్యం చేయక డాక్టరును చూడడం.

దుబాసి పని చేసే మన వంటి రెండు భాషల వారికి ఆ నర్సమ్మ వద్ద నేను నేర్చుకొన్నది ఇంకా ఉన్నది. "అతడు ఇట్లా అంటున్నాడు" అని కాక, రోగి "నేను" అంటే మనమూ "నేను" అనే చెప్పవలెను. మాట అర్థం కాకున్నా, పొంతన లేకున్నా సరిదిద్దరాదు. ఆ పొంతన లేకపోవడమే డాక్టరుకు కావలసిన సమాచారం. నేను ఉపాధ్యాయుడిని గనుక వాక్యం దిద్దే అలవాటు నాకు మరీ ఎక్కువ. శరీరం పేరుతో చెప్పే మాటలను ఉన్నవి ఉన్నట్లుగా అందించి తరువాత వివరించవలెను. "గుండె బరువు", "తలలో పురుగు పారినట్లుంది", "నరాలు గుంజుతున్నవి", "గాలి సోకింది" అని మనవాళ్ళు చెప్పేవి కొన్నిసార్లు ఒంటి బాధలు, కొన్నిసార్లు మనసు బాధలు. వీలైతే దుబాసి ఇంటివాడు కాకపోవడమే మేలు. భర్త ముందు భార్య, కొడుకు ముందు తండ్రి చెప్పలేని మాటలు ఉంటవి.

2017లో వచ్చి 2018 మే 29 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పవలసిన బాధ్యత వైద్యులది. కాబట్టి "మాకు కన్నడం రాదు, తెలుగు వచ్చిన వారిని పిలిపించండి" అని అడగడం బ్రతిమాలుకొనడం కాదు. అది రోగి హక్కు. ఆ చట్టమే రోగిని గొలుసుతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించినది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పాకకు నిప్పు అంటుకొని, గొలుసులతో కట్టబడి ఉన్న 28 మంది రోగులు తప్పించుకొనలేక కాలిపోయిన దుర్ఘటన పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పోలీసు కేసు భయం గురించి కూడా ఒక మాట. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే ఈ చట్టం భావిస్తుంది. శిక్షించడం కాదు, చికిత్స చేయించడం ప్రభుత్వ కర్తవ్యమంటుంది. నా వలె ఆ భయంతో మాట మార్చేవారు ఇది తెలిసికొనవలెను.

మన దేశంలో కుటుంబం రోగి పక్కన ఉండడం అన్నది వార్డులో చోటు లేక, నర్సులు చాలక వచ్చిన అలవాటు అని కొందరు అనుకొంటారు. కొంత నిజమే. కాని దీనిని పద్ధతిగా మార్చిన పెద్దలు ఉన్నారు. 1950లలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే డేరాలు వేయించి, రోగులతో పాటు బంధువులను కూడా ఉంచి, చికిత్సలో భాగం చేసినారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక చికిత్సా కేంద్రంలోనూ కుటుంబంతో కలిసి ఉండే పద్ధతి ఎంతో కాలంగా నడుస్తున్నది. మన బళ్ళారికి కూడా ఈ చరిత్రలో చోటు ఉన్నది. మన పిల్లలకు ఇది ఏ పాఠంలోనూ రాదు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 1975లో సకలవార గ్రామంలో కేంద్రం పెట్టి పల్లె ప్రజలకు మానసిక వైద్యం అందించే మార్గం వెదికినారు. ఆ అనుభవంతో 1985 నుండి 1990 వరకు బళ్ళారి జిల్లాలో, అప్పటికి నేటి విజయనగర జిల్లా కూడా ఇందులోనే ఉండేది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి ఊరి దగ్గరే మందులు దొరికేటట్లు చేసినారు. ఆ నమూనా ఆధారంగానే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనది.

ఇంటికి వచ్చిన తరువాత సంగతి. 1950ల చివరి నుండి లండనులో జార్జి బ్రౌన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు, ఆసుపత్రి నుండి బాగై వెళ్ళిన రోగులలో కొందరికి మాత్రమే జబ్బు ఎందుకు తిరగబెడుతున్నదని పరిశీలించినారు. ఎప్పుడూ తప్పులు ఎంచే ఇంట్లో, ద్వేషించే ఇంట్లో, అతి గారాబంతో ఊపిరి ఆడనీయని ఇంట్లో ఉన్నవారికి ఎక్కువగా తిరగబెట్టినదని తేలినది. మూడవది గమనించండి. దెప్పడం మాత్రమే కాదు, ముప్పై ఏండ్ల కొడుకుకు అన్నం కలిపి నోట్లో పెడుతూ, బయటకు పోనీయకుండా, అతని బదులు అన్ని మాటలూ తామే మాట్లాడే ప్రేమ కూడా హాని చేస్తుంది. 1980లలో చండీగఢ్ ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో మన కుటుంబాలలో ఈ గుణాలు లండను కంటే తక్కువగా కనబడినవి. దీనికి మనం గర్వపడవచ్చును గాని, "సోమరి", "వేషాలు వేస్తున్నాడు" అన్న మాటలు మన ఇండ్లలో వినబడవని నేను చెప్పలేను. స్కిజోఫ్రీనియా వచ్చిన మనిషి మంచం దిగకపోవడం, స్నానం చేయకపోవడం చాలాసార్లు ఆ జబ్బు లక్షణమే. "లేచి ఏదైనా పని చూడు" అనడం కంటే, "ఈ బిందె నింపుదాము రా" అని ఒక చిన్న పని జత కలిసి చేయడం పనికి వస్తుంది.

మాత్రల విషయంలో మన ఇండ్లలో జరిగే పెద్ద పొరపాటు, అన్నంలో కలిపి తెలియకుండా పెట్టడం. ఎవరో తనకు విషం పెడుతున్నారని భయపడే మనిషికి ఆ సంగతి ఒకనాడు తెలిస్తే, అతని భయమే నిజమైనట్లు అవుతుంది. తరువాత ఇంటి అన్నం కూడా ముట్టడు. నర్సులు వద్దన్న మాత్ర గురించి తగవు పెట్టుకోరు. "ఏమి ఇబ్బంది చేస్తున్నది?" అని అడుగుతారు. చేతులు వణకడం, ఒళ్ళు బిగిసినట్లుండడం, నోరు ఎండడం, మగతగా ఉండడం, బరువు పెరగడం, ఇవన్నీ ఈ మందులతో వచ్చే ఇబ్బందులే. డాక్టరుకు చెబితే మోతాదు మార్చవచ్చును, మందు మార్చవచ్చును. మనంతట మనమే ఆపితేనే కష్టం. కుంగుబాటు మందులు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో గుణం లేదని పారవేయరాదు. కొంచెం లేచి తిరుగుతున్నాడు గదా అని ఆ తొలి వారాలలో కాపు వదలరాదు కూడా. నిద్ర తగ్గడం మొదలైనదంటే చాలామందిలో అది జబ్బు తిరిగి వస్తున్నదనడానికి మొదటి గుర్తు. ఆ గుర్తులు ఏవో బాగా ఉన్న దినాలలోనే రోగితో కలిసి మాట్లాడుకొని వ్రాసి పెట్టుకొంటే, తరువాత "నీవే చెప్పినావు గదా" అని ఆసుపత్రికి తీసికొనిపోవడం సులభం.

ఇక రాత్రి పూట, బస్సు లేని వేళ, ఎవరితో మాట్లాడవలెనో తోచకపోతే 14416 అన్న నంబరుకు ఫోను చేయవచ్చును. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైనది. డబ్బు లేదు, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చును.

మా మామ ఇప్పుడు బాగున్నాడు. నెలకొకసారి మాత్రలు తెచ్చుకొంటాడు. సేద్యం కొడుకుకు అప్పగించి గొర్రెలు చూసుకొంటాడు. నేను పోయినప్పుడు "ఎట్లుండావు మామా?" అని అడిగి ఊరుకొంటాను. ఒక్కొక్కసారి జవాబు రావడానికి ఒక బీడీ కాలినంతసేపు పడుతుంది.

ఆ రైతుకు ఇదంతా చెప్పినాను. అర్జీ వెనుక కాగితం మీద 14416 వ్రాసి ఇచ్చినాను. అతడు లేచి, మళ్ళీ కూర్చొని, "అయితే సారూ, ఈ రాత్రి ఆమె మళ్ళీ గోడ అవతల మాటలు అంటే నేనేమనాల?" అని అడిగినాడు. బడిలో పిల్లలకు చేయించినట్లు అభ్యాసం చేద్దామన్నాను. నేను ఆమె మాట అన్నాను. మొదటిసారి అతడు "ఏం లేదు పడుకో" అన్నాడు. రెండవసారి "నేను పోయి చూసొస్తా" అన్నాడు. ఇద్దరమూ నవ్వినాము. మూడవసారి కొంచెం ఆగి, "నాకైతే ఇనపడ్లేదు. నీకు భయమేస్తాందా?" అన్నాడు.

బాగుందన్నాను. ఇంకొకసారి చేద్దామా సారూ అన్నాడు.